ముద్రితగ్రంథముల నుండి పాఠోద్ధరణము - కంటైనరు క్లస్టరుపై దాని నిర్వహణము

ఒక పదము ఒక కావ్యమున ప్రయోగింపబడినదా, లేదా అను ప్రశ్న మన శాఖలలో నిత్యము వినబడునదే. దీనికి సమాధానము చెప్పుటకు పూర్వము రెండే మార్గములుండెను. గ్రంథమును ఆద్యంతము చదువుట మొదటిది. ఇతరులు చదివి కూర్చిన పదప్రయోగసూచికను ఆశ్రయించుట రెండవది. నేడు మూడవ మార్గమొకటి యేర్పడినది. గ్రంథపుటల ఛాయలను యంత్రమునకిచ్చి, వానియందలి యక్షరములను పాఠముగా వెలికితీయించి, ఆ పాఠమున పదమును వెదకుటయే యా మార్గము. పదము కనబడినచో చింత లేదు. ఆ పుటను తెరచి చూచి నిర్ధారించుకొనవచ్చును. కనబడనిచో నేమి? "ఈ పదము ఈ గ్రంథమున లేదు" అని వ్రాయు విద్యార్థి తాను కవిని గూర్చి చెప్పుచున్నాననుకొనును. నిజమునకు అతడు చెప్పుచున్నది యంత్రము చదివిన పాఠమును గూర్చి మాత్రమే. 114వ పుటను చదువునప్పుడు యంత్రమునకు మెమొరీ చాలక ఆ పుట ఖాళీగా మిగిలియుండవచ్చును. వెదకిన పదము ఆ పుటలోనే యుండవచ్చును.

కావున ఈ యంత్రవ్యవస్థ యెట్లు పని చేయునో, దానిని స్థాపించువారి నిర్ణయములు పాఠమునందెట్టి జాడలు విడుచునో తెలియుట, గ్రంథపరిష్కర్తకు తాళపత్రలేఖకుని యలవాట్లు తెలియుట వంటిది. ఈ వ్యాసమున మేము దానిని వివరింప దలచితిమి. యంత్రశాస్త్రమునకు సంబంధించిన యన్ని విషయములును ఇచట చెప్పబోము. పాఠముతో పని యున్నంతవరకే చెప్పుదుము. పారిభాషికపదములకు క్రొత్తగా దీర్ఘసమాసములు కల్పించుటకన్న, వ్యవహారమునందున్న ఆంగ్లపదములనే తెలుగు లిపిలో గ్రహించుట మేలని మా యభిప్రాయము. 'పాఠోద్ధరణము' అను మాటను మాత్రము, ఏ రూపముననున్న పత్రమునుండియైనను అక్షరపాఠమును వెలికితీయుట యను నర్థమున, సౌకర్యమునకై వాడుచున్నాము.

ఛాయకును పాఠమునకును గల భేదమును ముందు గుర్తింపవలెను. ఛాయయందు 'క' అను అక్షరము లేదు. ఆ యాకారమున నమరిన నల్లని బిందువులు మాత్రమే కలవు. పాఠమునందు ఆకారము లేదు. 'క' యనుటకు నిర్ణీతమైన యొక సంఖ్య కలదు. ఆ సంఖ్యలను నిర్ణయించిన ప్రమాణము యూనికోడ్. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పునందే తెలుగునకు స్థానము లభించినది. 3072 మొదలు 3199 వరకు గల 128 సంఖ్యాస్థానములు మన లిపికి కేటాయింపబడినవి. అరసున్నకును బండి ఱకును మొదటినుండియు స్థానములున్నవి. నిఘంటువులందు కనబడు దంత్య చకార జకారములకు, అనగా ౘ, ౙ లకు, 2008 నాటి 5.1 కూర్పుతో స్థానము వచ్చినది. ప్రాచీనముద్రణములందలి నకారపొల్లునకు 2021 నాటి 14.0 కూర్పు వరకు ప్రత్యేకస్థానమే లేకుండెను. అనగా 2021కి పూర్వము సిద్ధమైన యే యూనికోడ్ పాఠమునందును నకారపొల్లు తన స్వీయసంకేతముతో నుండుటకు వీలు లేదు. అది 'న్' గా మారియుండవలెను, లేదా లోపించియుండవలెను. దీనిని యంత్రము చేసిన తప్పుగా నెన్నరాదు. వ్రాయుటకు ఘంటమే లేనప్పుడు లేఖకుని దూషించి ప్రయోజనము లేదు.

కంటికి ఒక్కటిగా తోచి, సంఖ్యలో వేరైనవియు కలవు. పూర్ణానుస్వారమునకు 3074, తెలుగు అంకె సున్నకు 3174 సంఖ్యలు. అచ్చులో రెండును వలయములే. యంత్రము ఒకదానికి బదులు మరియొకదానిని వ్రాసినచో చదువరికి తెలియనే తెలియదు. వెదకు యంత్రమునకు మాత్రము 'అందము' అను పదము కనబడదు. అట్లే ఐత్వమును ఒకే సంఖ్యగా వ్రాయవచ్చును. ఎత్వమును, దాని క్రింది చిహ్నమును వేరువేరుగా రెండు సంఖ్యలతోను వ్రాయవచ్చును. ఈ ద్వైవిధ్యమును తొలగించుటకు సమీకరణవిధానమొకటి యూనికోడ్ ప్రమాణమునందే నిర్దేశింపబడినది. పాఠోద్ధరణానంతరము ఆ సమీకరణము జరిగినదా యని ఏ సంగ్రహమును గూర్చియైనను మొదట అడుగదగిన ప్రశ్న. సున్నయు, అనుస్వారమును మాత్రము ఆ విధానముచే కలియవు; వానికి వేరుగా సవరణ చేయవలెను.

నేడు మనకు చేరు గ్రంథములలో అధికభాగము పి.డి.ఎఫ్. రూపమున నున్నవి. 1993లో అడోబీ సంస్థ ప్రవేశపెట్టిన యీ రూపము 2008లో అంతర్జాతీయ ప్రమాణమైనది. పుట యెచట తెరచినను ఒకే తీరున కనబడవలెననుట దాని ముఖ్యోద్దేశము. అందలి యక్షరములెవ్వియో తెలుపుట దానికి గౌణము. ఈ గౌణత్వమునుండియే మన చిక్కులన్నియు పుట్టినవి. ఒక పి.డి.ఎఫ్. నందు కేవలము ఛాయలే యుండవచ్చును. లేదా యూనికోడ్ సంకేతములు సరిగా నుండవచ్చును. మూడవది యపాయకరమైనది: యూనికోడ్ వ్యాప్తికి పూర్వము మన ముద్రణాలయములు వాడిన అను మొదలైన ఫాంటులతో కూర్చిన పత్రము. ఆ ఫాంటులు ఆంగ్లాక్షరముల సంఖ్యలనే గ్రహించి, వాని స్థానమున తెలుగు ఆకారములనుంచినవి. తెరపై చక్కని తెలుగు కనబడును. పాఠమును వెలికితీసినచో అర్థరహితమైన రోమను అక్షరముల గుంపు చేతికి వచ్చును.

ఈ పనికి విరివిగా వాడబడుచున్న సాధనము అపాచీ టికా. 2007లో అపాచీ సంస్థయందు మొదలై, 2010లో స్వతంత్రమైన ప్రాజెక్టుగా గుర్తింపబడినది. పేరు విని మన వ్యాఖ్యానపద్ధతికి సంబంధించినదని భ్రమింపరాదు. మన టీకకును దీనికిని సంబంధము లేదు. ఇది వేయికి మించిన ఫైలు రకములను గుర్తింపగలదు. ఇచ్చిన పత్రము పి.డి.ఎఫ్. అయినచో ఒక భాగమునకును, వర్డ్ పత్రమైనచో మరియొక భాగమునకును అప్పగించి, వచ్చిన పాఠమును, పత్రమును గూర్చిన వివరములను తిరిగి యిచ్చును. ఛాయలను చదువవలసి వచ్చినప్పుడు తాను చదువదు. టెసరాక్ట్ అను వేరొక సాధనమును పిలుచును. టెసరాక్ట్ హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థయందు 1985 - 1994 సంవత్సరముల నడుమ రూపొంది, 2005లో అందరికిని ఉచితముగా విడుదల చేయబడినది. 2018లో వచ్చిన 4వ కూర్పునుండి ఒక్కొక్క యక్షరమును వేరు చేసి పోల్చుట మాని, పంక్తి నంతటిని ఒక్క ప్రవాహముగా చదువు పద్ధతి నవలంబించినది.

తెలుగక్షరములను యంత్రముచే చదివించు ప్రయత్నము ఇటీవలి దనుకొనరాదు. రాజశేఖరన్, దీక్షితులు అను పండితులు ముద్రిత తెలుగక్షరముల గుర్తింపును గూర్చి 1977లోనే వ్యాసము ప్రకటించిరి. హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు చెందిన అతుల్ నేగి, చక్రవర్తి భగవతి, కృష్ణ అనువారు 2001లో ఒక పూర్ణవ్యవస్థను వివరించిరి. మన లిపిలోని కష్టములు ఆనాటివే నేడును ఉన్నవి. ఒత్తులు పంక్తికి క్రిందికి దిగి తరువాతి పంక్తి గుడులతో తగులుకొనును. ప, ష, వ లు చిన్న గీతలచేతనే వేరగుచున్నవి. ద, ధ, థ లును అట్టివే. మ కును వు కును భేదమును అరిగిన సీసపుటచ్చు దాదాపు తుడిచివేయును. ఇంతకుమించి, టెసరాక్ట్ తెలుగును అభ్యసించినది ముఖ్యముగా నవీనఫాంటులతో యంత్రమునందే కల్పించిన పంక్తులనుండి. వావిళ్ళవారి యచ్చును చదువుమన్నచో, నగరమున పెరిగిన బాలునికి తాతగారి దస్తూరి నిచ్చినట్లుండును. అరసున్నలను ఆ బాలుడు మచ్చలనుకొనును. 'ఏఁడు' 'ఏడు'గా మారినప్పుడు సంవత్సరము సంఖ్యగా మారినది. 'కఱి' 'కరి'గా మారినప్పుడు నలుపు ఏనుగైనది.

ఇక నిర్వహణవిషయము. ఈ సాధనములను ఒక్క కంప్యూటరుపై నడుపరాదా? చిన్న పనికి నడుపవచ్చును. ఒక లెక్క వేసి చూతము. ఒక పుటను చదువుటకు 6 సెకనులు పట్టుననుకొందము. 300 పుటల గ్రంథమునకు అరగంట. 10,000 గ్రంథములకు 5,000 గంటలు. అనగా రాత్రింబవళ్ళు విరామము లేక 208 దినములు. మొదటిసారి భాషానిర్దేశము తప్పుగా నిచ్చితిమని ఆ తరువాత తెలిసినచో మరల 208 దినములు. ఇట్టి స్థితిలో రెండవసారి చేయింతమను ధైర్యము ఎవరికిని ఉండదు, తప్పుపాఠమే స్థిరపడిపోవును. 40 మంది లేఖకులు సమముగా కూర్చుండి వ్రాసినట్లు 40 ప్రాసెసరులపై పంచినచో అదే పని 125 గంటలలో, అనగా అయిదు దినములకు కొంచెము మించి, పూర్తియగును. పాఠము బాగుగా లేనప్పుడు మరల చేయింపగల స్వేచ్ఛయే ఈ పంపిణీవలన కలుగు నసలు లాభము. వేగము దానికి సాధనము మాత్రమే.

నలుబదిమంది లేఖకులు ఒక్క తీరున వ్రాయవలెనన్నచో వారి సామగ్రి యంతయు ఒక్కటిగా నుండవలెను. కంటైనరు అనునది దీనికై యేర్పడినది. టికా, దానికి వలయు జావా, టెసరాక్ట్, తెలుగుభాషాదత్తాంశము - వీనినన్నిటిని ఒక పెట్టెయందమర్చి ముద్ర వేసినట్లు చేయుదురు. ఆ ముద్రితమైన కట్టకు ఇమేజి అని పేరు. దానినుండి ఎన్ని కంటైనరులనైనను, ఏ యంత్రముపైనైనను నడుపవచ్చును. 2013లో డాకర్ వచ్చిన పిదప ఈ పద్ధతి లోకమునకెక్కినది. టికా వారు ప్రకటించు పూర్ణమైన ఇమేజియందు టెసరాక్ట్ ఉన్నది. ఆంగ్లమును, కొన్ని ఐరోపా భాషలును ఉన్నవి. తెలుగు లేదు. తెలుగుదత్తాంశమును మనమే చేర్చి క్రొత్త ఇమేజి తయారు చేసికొనవలెను. పైగా, ఏ భాషయు నిర్దేశింపనిచో యంత్రము ఆంగ్లమని భావించి చదువును. తెలుగుపుటను ఆంగ్లమని చదివినప్పుడు అది తెలియదని మౌనముగా నుండదు. ఏవో రోమను అక్షరములను నిస్సంకోచముగా వ్రాసియిచ్చును. ఎవరో చూచువరకు ఆ తప్పు బయటపడదు.

కంటైనరులను పెక్కు యంత్రములపై పంచి, ఆగిపోయినవానిని మరల నిలబెట్టి, పని పెరిగినప్పుడు సంఖ్యను పెంచు వ్యవస్థ కుబర్నెటీస్. గ్రీకుభాషలో ఆ మాటకు నావను నడుపువాడని యర్థము. మన 'కర్ణధారుడు' సరిగా సరిపోవును. గూగుల్ సంస్థ దీనిని 2014లో ప్రకటించినది. మొదటి పూర్ణమైన కూర్పు 2015 జూలైలో వెలువడినది. కర్ణధారునకు మనమిచ్చునది ఆజ్ఞల పరంపర కాదు, కోరిన స్థితిని తెలుపు పత్రము. "ఈ ఇమేజినుండి 40 కంటైనరులుండవలెను, ఒక్కొక్కదానికి ఇంత మెమొరీ, ఇంత ప్రాసెసరు భాగము" అని వ్రాసి యిచ్చినచో, వాస్తవస్థితి దానికి భిన్నమైనప్పుడెల్ల సరిదిద్దుచుండును. టికాకు పూర్వస్మృతి లేదు. నిన్నటి గ్రంథము నేటి గ్రంథమునకు అడ్డు రాదు. కావున ఒకటి పోయినను దాని స్థానమున నింకొకటి నిలువవచ్చును. ఇంతవరకు అంతయు సుఖముగానే యున్నది.

చిక్కులు పని యొక్క పరిమాణమువద్ద మొదలగును. మన 300 పుటల గ్రంథమునకు అరగంట కావలెను. టికా సర్వరు ఒక పనికి మామూలుగా నిచ్చు గడువు 5 నిమిషములు. అది మించినచో ఆ పనిని చేయు ప్రక్రియనే ఆపి, క్రొత్తదానిని మొదలిడును. ఒక్క ఛాయను చదువుటకు టెసరాక్ట్ నకిచ్చు గడువు 120 సెకనులు. ఒక కంటైనరును తొలగింపదలచినప్పుడు కర్ణధారుడు దానికిచ్చు వ్యవధి మామూలుగా 30 సెకనులు మాత్రమే. అనగా గ్రంథమును గ్రంథముగానే పంపినచో, గడువు దాటియో, నడుమ కంటైనరు తొలగియో, 290 పుటలు చదివిన శ్రమయు వ్యర్థమగును. ఈ గడువులన్నిటిని పెంచుట యొక మార్గము. దానికన్న, గ్రంథమును పుటలుగా విడదీసి, పుటను పనియొక్క ఏకకముగా గ్రహించుట ఉత్తమమని మేము గట్టిగా చెప్పుదుము. పుట పోయినచో పుటయే పోవును, పోయినదని తెలియును, మరల ఒక్క పుటనే చదివింపవచ్చును. పాఠపరిష్కరణమున మనము పత్రసంఖ్య ననుసరించి లోపములను గుర్తించుటయు నిట్టిదే కదా.

మెమొరీ విషయమున మరియొక సూక్ష్మము కలదు. కంటైనరునకు విధించిన మెమొరీ పరిమితిని దాటినచో యంత్రముయొక్క మూలవ్యవస్థ ఆ ప్రక్రియను హెచ్చరిక లేకయే చంపివేయును. అట్లు చచ్చినదానికి గుర్తు 137 అను నిష్క్రమణసంఖ్య. టికా జావాయందు నడచును; టెసరాక్ట్ జావాకు వెలుపల, వేరు ప్రక్రియగా నడచును. పరిమితి నంతటిని జావాకే అప్పగించినచో టెసరాక్ట్ నకు చోటుండదు. కొన్ని యేర్పాట్లలో మొత్తము కంటైనరు చచ్చును. అది మేలు, ఏలయనగా కర్ణధారుడు గమనించును. మరికొన్నిటిలో ఆ ఛాయను చదువుచున్న టెసరాక్ట్ ఒక్కటే చచ్చి, టికా బ్రదికి, పుటకు పాఠము లేదని చెప్పి తరువాతి పనికి పోవును. సర్వరు కుశలముగా నున్నదని నివేదికలన్నియు చెప్పుచుండగా గ్రంథమున పుటలు రాలిపోవుచుండును. మొదట చెప్పిన 114వ పుట ఇట్లు పోవునదే. విధించిన మెమొరీలో సగమునకు మించకుండ జావాకిచ్చి, మిగిలినదానిని టెసరాక్ట్ నకు విడుచుట క్షేమము.

ప్రాసెసరు విషయమును క్లుప్తముగా చెప్పి ముగింతుము. టెసరాక్ట్ ఒక్క పుటకే నాలుగు దారములుగా విడిపోయి పని చేయజూచును. కంటైనరునకు ఒక్క ప్రాసెసరు భాగమే యిచ్చినచో, ఆ నాలుగును ఒక్క వాకిట త్రోపులాడుకొని ఆలస్యము చేయును. దారముల సంఖ్యను ఒకటికి పరిమితము చేసి, కంటైనరుల సంఖ్యను పెంచుటయే తగును. ఈ త్రోపులాటకు మరియొక ఫలము కలదు. కంటైనరు బ్రదికియున్నదా యని కర్ణధారుడు మామూలుగా 10 సెకనులకొకసారి పలుకరించి, 1 సెకనులో బదులు రాకున్న తప్పుగా నెంచి, మూడుసార్లట్లు జరిగినచో దానిని చచ్చినదిగా భావించి పునఃప్రారంభించును. చదువులో నిమగ్నుడైన పండితుడు పిలుపునకు పలుకనంత మాత్రమున పోయినాడని నిశ్చయించుట వంటిది. ఈ పలుకరింపు గడువులను సడలింపవలెను.

కొన్ని పత్రములు స్వభావముచేతనే దుష్టములు. ఏ కంటైనరునకిచ్చినను దానిని కూల్చును. పని పూర్తికాలేదు గనుక వ్యవస్థ దానిని మరియొక కంటైనరునకిచ్చును, అదియు కూలును. నలుబదిమందిలో ఒక్కొక్కరినే అది పడవేయుచు పోవును. కుబర్నెటీస్ నందలి జాబ్ అను ఏర్పాటు మామూలుగా 6 మారులు మరల ప్రయత్నించును. మన పనికి రెండు చాలును. రెండు మారులు విఫలమైన పుటను ప్రత్యేకమైన పట్టికయందు, కారణసహితముగా నమోదు చేసి ప్రక్కన పెట్టవలెను. ఈ పట్టికను గూర్చి తరువాత మరల చెప్పుదుము.

పాత ఫాంటుల చిక్కునకు తిరిగి వత్తము. పి.డి.ఎఫ్. నందలి పాఠమును తీయవలెనా, ఛాయగా చదువవలెనా అను నిర్ణయమును టికా తానే చేయు పద్ధతి కలదు. ఒక పుటయందు 10కి తక్కువ యక్షరములు లభించినను, యూనికోడ్ సంకేతము తెలియని యక్షరములు 10కి మించినను, ఛాయగా చదువును. లేనిచో లభించిన పాఠమునే గ్రహించును. ఇది యుక్తముగనే తోచును. కాని అను ఫాంటుతో కూర్చిన పుటనుండి వేలకొలది అక్షరములు లభించును. అన్నియు తెలిసిన సంకేతములే, ఆంగ్లాక్షరములవి. పరీక్షలో నెగ్గినందున ఆ చెత్తయే పాఠముగా నిలుచును. పూర్వమెవరో ఆంగ్లమని చదివించి, ఛాయ వెనుక అదృశ్యపాఠముగా దాచిన గ్రంథములకును ఇదే గతి. కావున తెలుగుగ్రంథముల విషయమున స్వయంనిర్ణయపద్ధతిని మేము విశ్వసింపము. పుటనుండి వచ్చిన పాఠమున 3072 - 3199 నడుమనున్న సంఖ్యల పాలు ఎంతయో లెక్కించి, అది మిక్కిలి తక్కువగానున్న పుటలను ఛాయగా చదువుమని నిర్బంధముగా మరల పంపవలెను. లెక్క స్వల్పమైనది, దానివలని మేలు స్వల్పము కాదు.

పాఠము వచ్చినది. దాని నాణ్యమెంత? ఇద్దరు వ్రాసిన పాఠములలో ఒకదానిని రెండవదానిగా మార్చుటకు ఎన్ని చేర్పులు, తీసివేతలు, మార్పులు కావలెనో లెక్కించు పద్ధతిని లెవెన్‌స్టైన్ 1965లో ప్రతిపాదించెను. శుద్ధపాఠముతో పోల్చి ఈ లెక్క వేసి, నూటికి ఇన్ని దోషములని చెప్పుదురు. తెలుగు విషయమున ఏది లెక్కించుచున్నారో అడుగవలెను. 'స్త్రీ' అనునది మనకు ఒక యక్షరము. యూనికోడ్ లెక్కకు ఆరు సంకేతములు. అందొకటి తప్పినచో ఒక లెక్కను ఆరింట ఒక దోషము, మరియొక లెక్కను అక్షరమంతయు దోషమే. ప్రకటితమగు సంఖ్యలు సాధారణముగా సంకేతములవి. అవి మన కనుకూలముగా కనబడును. నూటికి 2 సంకేతదోషములున్న పాఠము గొప్పదని యందురు. పదమునకు సగటున 8 సంకేతములుండుననుకొనినచో, ఒక పదము నిర్దోషముగా వచ్చుటకు గల యవకాశము నూటికి 85 మాత్రమే. అనగా నూటికి 15 పదములు వెదకినను దొరకవు. గ్రంథమున ఒక్కసారియే వచ్చిన పదమును గూర్చి "లేదు" అనుటకు ఈ పాఠము చాలదు.

మూడుసార్లు వచ్చిన పదము మూడుచోట్లను తప్పిపోవుట యరుదు కదా యని యనవచ్చును. దోషములు ఒకదానితో నొకటి సంబంధము లేనివైనచో ఆ వాదము నిలుచును. వేయింట మూడుసార్లే యట్లు జరుగును. కాని యంత్రదోషములు అట్టివి కావు. చేతివ్రాతలో లేఖకుడు అలసి యొకచోట తప్పును, మరియొకచోట సరిగా వ్రాయును. యంత్రము అలయదు. ఒక సంయుక్తాక్షరమును ఒక యచ్చున తప్పుగా చదివినచో, గ్రంథమంతటను అట్లే తప్పుగా చదువును. నలుబది కంటైనరులును ఒక్క ఇమేజినుండి పుట్టినవి గనుక, నలుబదియు నొక్క తప్పునే చేయును. ఇందొక సౌలభ్యమును కలదు: ఆ దోషమును ఒకమారు గుర్తించినచో అంతటను దిద్దవచ్చును. ప్రతుల వంశవృక్షమును గీయువారికి ఈ విషయము క్రొత్త కాదు. సమానదోషములు సమానమాతృకకు సాక్ష్యములు.

మన లేఖకులు గ్రంథాంతమున తమ పేరు, సంవత్సరము, తిథి, ఏ ప్రతిని చూచి వ్రాసిరో తెలుపు వాడుక కలదు. యంత్రపాఠమునకును అట్టి సమాప్తివాక్యము వలయును. ఏ ఇమేజి, ఏ టికా కూర్పు, టెసరాక్ట్ ఏ కూర్పు, తెలుగుదత్తాంశము వేగవంతమైనదా, శ్రేష్ఠమైనదా - టెసరాక్ట్ వారు రెండు విధములను ఇచ్చుచున్నారు - ఛాయ ఎంత సాంద్రతతో గ్రహింపబడినది, ఏ దినమున చదువబడినది అను నంశములు ప్రతి పుటతోడను నిలువవలెను. ఇమేజిని 'క్రొత్తది' అను పేరుతో పిలుచు నలవాటు మిక్కిలి హానికరము. నేడు క్రొత్తదైనది రేపు వేరొకటి యగును; ఒకే గ్రంథమున మొదటి సగము ఒక కూర్పుతోను, రెండవ సగము మరియొక కూర్పుతోను చదువబడినను ఎవరికిని తెలియదు. ప్రతి ఇమేజికిని దాని సర్వస్వమునుండి గణింపబడిన యొక పొడవైన ముద్రాసంఖ్య కలదు. ఆ సంఖ్యతోనే దానిని పిలువవలెను. క్రొత్త కూర్పుతో మరల చదివించినప్పుడు పాతపాఠమును చెరిపివేయక, పాఠాంతరముగా ప్రక్కన నిలుపవలెను. రెండు కూర్పులు భేదించిన చోటులే పరిష్కర్త ముందుగా చూడదగినవి.

భద్రతను గూర్చి ఒక్క మాట. టికా సర్వరును బయటివారికి తెరచి యుంచరాదు. 1.7 నుండి 1.17 వరకు గల కూర్పులలో, అభ్యర్థనతో పంపు శీర్షికలద్వారా పరులు తమ యాజ్ఞలను నడపించుటకు వీలిచ్చు దోషమొకటి 2018లో బయటపడి, 1.18లో సవరింపబడినది. క్లస్టరునందు పుటలను పంపు భాగమునకు దప్ప మరి దేనికిని దానితో మాటలాడ వీలులేకుండ కట్టడి చేయుట తేలిక.

ఇక విఫలమైన పుటల పట్టిక. అది నిర్వాహకుని యంత్రమునందు దాగియుండరాదు. పాఠసంగ్రహముతోపాటు పరిశోధకునకు కనబడవలెను. పదము దొరకలేదని చెప్పునప్పుడే, ఈ గ్రంథమున 412 పుటలలో 397 మాత్రమే చదువబడినవని, చదువబడనివి ఇవియని, ఉదాహరణమునకు, వెదకుడు ఫలితము క్రిందనే చూపవలెను. అప్పుడు విద్యార్థి చేయవలసిన పని 15 పుటలను కంటితో చదువుట మాత్రమే. "చదువబడిన 397 పుటల యంత్రపాఠమునందును, స్వయముగా పరిశీలించిన 15 పుటలయందును ఈ రూపము కనబడలేదు" అను వాక్యము సిద్ధాంతవ్యాసమున నిలువగల వాక్యము. అట్టి పుటలు ఎవ్వియని చూడగా చిరిగినవి, పటములున్నవి కొన్ని యుండును. మిగిలినవి తరచుగా అధోజ్ఞాపికలతో క్రిక్కిరిసినవి. సన్నని యచ్చులో, ప్రతుల సంక్షేపాక్షరములతో, రెండు మూడు భాషలు కలగలిసి ఉండుటచే యంత్రము వానివద్దనే తడబడును. పరిష్కృతగ్రంథములందు పాఠాంతరములు ఉండు చోటు అదియే.